ఆయుధ కచ్చేరీల ఆయుర్దాయము

క్షిపణి యొకటి సముద్రముపై నిప్పులు చిమ్ముచు నెగిరిన దినమున దేశమంతయు పొంగిపోవును. విమానమొకటి గడువునకు చేతికి రానినాడు ఆ దేశమే పండ్లు కొరుకును. పొగడ్త వచ్చినప్పుడు ఒక శాస్త్రజ్ఞుని మెడలో దండ పడును. తెగడ్త వచ్చినప్పుడు ఒక మంత్రి మీదనో యొక కర్మాగారము మీదనో రాయి పడును. ఈ రెంటికిని నడుమ ఏండ్ల తరబడి లెక్కలు వ్రాసికొని, ఒడంబడికలు కుదుర్చుకొని, వాదములాడుకొని ఆ యాయుధమును కడుపున మోసిన కచ్చేరీ యొకటి యున్నదని తలచువారు అరుదు. అది యెట్లు పుట్టెను, ఎట్లు పెరిగెను, ఎప్పుడు ముదిసెను అని అడుగువారు అంతకంటె అరుదు.

2025 సెప్టెంబరు 26వ తేదీన చండీగఢ్‌లో మిగ్-21 విమానములకు భారత వైమానిక దళము తుది వీడ్కోలు పలికెను. 1963లో దళమున చేరిన ఆ యంత్రము 62 ఏండ్లు సేవ చేసెను. దాని స్థానమును పూరించుటకై స్వదేశ విమానమును 1983లోనే సంకల్పించితిమి. మనుమడు ఎదిగి వచ్చునంతవరకు తాతయే బండి లాగవలసి వచ్చెను. ఆ ముసలి విమానములలో ప్రమాదములకు లోనై ప్రాణములు విడిచిన యువ వైమానికుల తల్లిదండ్రులకు, ఆయుధ కచ్చేరీ యెట్లు బ్రదుకునను ప్రశ్న పండితుల వినోదము కాజాలదు. పన్ను చెల్లించు ప్రతి పౌరునకును అది సొంత ప్రశ్నయే యని మేము తలంచుచున్నాము.

కార్యక్రమ కార్యాలయమనగా నేమి? నౌక గాని, విమానము గాని, క్షిపణి గాని, ఒక ఆయుధమును కాగితము మీది కోరికగా నున్ననాటినుండి పాత యినుము క్రింద తీసివేయునాటివరకు కనిపెట్టుకొని యుండుటకు ఏర్పఱచిన కచ్చేరీ. అది సాధారణముగా తాను సుత్తె పట్టదు. సేనవారు కోరినదేమో తెలిసికొని, ధనమును రాబట్టి, పనిని కర్మాగారములకు పంచి, గడువులు పెట్టి, పరీక్షలు జరిపించి, తప్పులు దిద్దించి, కడపట సిపాయి చేతికి వస్తువు నందించును. అందించిన పిదప విడిభాగములు, మరమ్మతులు, మార్పులును దాని వంతే. మన దేశమున ఈ పనులన్నియు ఒకే కప్పు క్రింద ఉండుట అరుదు. అందువలన కలిగిన చిక్కులను ముందు చెప్పెదము.

ఆయుధమును మాత్రమే గాక దానిని చూచు అధికారిని గూడ పరిశీలింపవలెనను బుద్ధి మనకు క్రొత్త కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కేటాయించెను. ఇక పుట్టిన ప్రతి వస్తువును ఆరు మార్పులకు లోనగునని వార్ష్యాయణి మతముగా యాస్కుడు నిరుక్తమున చెప్పెను. పుట్టుట, ఉండుట, పెరుగుట, మాఱుట, క్షీణించుట, నశించుట. కచ్చేరీయు ఈ నియమమునకు వెలి కాదు. అమెరికా పండితుడు ఆంథనీ డౌన్స్ 1967లో ప్రకటించిన గ్రంథమున ప్రభుత్వ శాఖల జీవితచక్రమును విచారించెను. శాఖను పుట్టించువారు ఒక తలపునకు అంకితమైన ఉత్సాహవంతులనియు, అది ముదిసిన కొలది నిబంధనలు పెరిగి, ఉన్నదానిని కాపాడుకొనువారి పలుకుబడి హెచ్చుననియు ఆయన వాదము. ఆయుధ కచ్చేరీల చరిత్ర ఈ మాటను చాల వఱకు బలపఱచుచున్నది.

ఈ విషయమున మిక్కిలి చక్కగా పరిశోధింపబడిన కచ్చేరీ అమెరికా నౌకాదళమునకు చెందిన స్పెషల్ ప్రాజెక్ట్స్ ఆఫీసు. జలాంతర్గామి నుండి ప్రయోగింపదగిన పొలారిస్ క్షిపణిని సాధించినది అదియే. అది 1955లో పుట్టెను. నౌకాదళాధిపతి ఆర్లీ బర్క్ దానిని రియర్ అడ్మిరల్ రాబర్న్ చేతిలో పెట్టి, కావలసినవారిని ఏ శాఖనుండియైనను ఏరుకొను అధికారమిచ్చెను. మనుష్యులు కొలదిమంది, పని యొక్కటి, పై యధికారి అండ నిండుగా నున్నది. ఆరంభమున సైన్యముతో కలసి ద్రవేంధనముతో నడచు జూపిటర్ క్షిపణిని చేపట్టిన ఆ కచ్చేరీ, జలాంతర్గామిలో ద్రవేంధనము ప్రమాదకరమని గ్రహించి 1956 ముగియులోపలనే ఘనేంధనపు పొలారిస్ వైపు తిరిగెను. ఏడాదిలోనే తన మొదటి తలపును మార్చుకొన గల ధైర్యము ముదుసలి కచ్చేరీకి ఉండదు. శైశవమునకుగల మహాభాగ్యమది.

1957 అక్టోబరులో రష్యా స్పుట్నిక్‌ను ఎగురవేయగా అమెరికాకు కలవరము కలిగెను. గడువులు ముందునకు జరిగెను. 1960 జూలై 20న నీటి అడుగునుండి జార్జి వాషింగ్టను అను జలాంతర్గామి పొలారిస్‌ను ప్రయోగించెను. 1967 నాటికి అట్టి జలాంతర్గాములు 41 సిద్ధమయ్యెను. లోకమంతయు ఈ విజయమునకు కారణము ‘పెర్ట్’ అను నూతన ప్రణాళికా పద్ధతియని చెప్పుకొనెను. 1958లో ఆ కచ్చేరీయే దానిని వెలయించెను. పనులను వలవలె గీసి, ఏది ఆలస్యమైన ఏది యాగునో గణించు పద్ధతి యది. మన కళాశాలలలోను దానిని నేటికిని బోధించుచున్నారు.

అయితే హార్వీ సపోల్‌స్కీ అను ఆచార్యుడు ఆ కచ్చేరీని లోతుగా పరిశీలించి 1972లో ప్రకటించిన గ్రంథము వేఱు సంగతి చెప్పెను. తొలినాళ్లలో పెర్ట్ చాటింపునకు తగినట్లుగా పనిచేయలేదు. దాని అసలు ప్రయోజనము మఱియొకటి. ఇంత శాస్త్రీయముగా నడచు కచ్చేరీలో వేలు పెట్టనేలయని పైవారును, పొరుగు శాఖలును వెనుకకు తగ్గిరి. ఆ పద్ధతి పేరు కవచమైనది. ఆ కవచము చాటున ఇంజనీర్లు నెమ్మదిగా తమ పని చేసికొనిరి. కచ్చేరీ తన యౌవనమున బయటి జోక్యమునుండి తన్ను తాను కాపాడుకొనవలెను. అది చేతగానిది సాంకేతిక విద్య యెంత యున్నను గట్టెక్కదు. ఈ సత్యము ఆయుధమును విప్పి చూచిన తెలియునది కాదు. కచ్చేరీని చూచినప్పుడే తెలియును.

ఆ కచ్చేరీ ముదిమియు గమనింపదగినదే. రాబర్న్ 1962లో వెడలిపోయెను. సాంకేతిక విషయములు చూచుచుండిన లెవరింగ్ స్మిత్ 1965లో అధిపతియై 1977 వరకు నుండెను. పొలారిస్ వెనుక పొసైడన్, దాని వెనుక ట్రైడెంట్ క్షిపణులు వచ్చెను. కచ్చేరీ పేరు ఒకటికి మించి మాఱెను. పని మాత్రము తెగలేదు. ఒక తరము క్షిపణి పాతబడునప్పటికే తరువాతి తరము గర్భమున నుండెను. పాతవారి యనుభవము క్రొత్తవారికి చేతినుండి చేతికి అందెను. ముదిమి రాక తప్పదు. కాని సంతానమున్న ముదిమి వేఱు, సంతానము లేని ముదిమి వేఱు.

ఆ దేశములోనే దీనికి ప్రతికూలమైన దృష్టాంతమును కలదు. ఎఫ్-35 విమానమునకు మూలమైన ఉమ్మడి కార్యాలయము 1994లో ఏర్పడెను. వైమానిక దళము, నౌకాదళము, మెరీన్ దళము మూడును దానికి యజమానులు. పిమ్మట విదేశ భాగస్వాములు కూడిరి. ఒక్కొక్కరి కోరిక యొక్కొక్క విధము. 2001లో లాక్‌హీడ్ సంస్థతో ఒడంబడిక కుదిరెను. పరీక్షలు ముగియకమునుపే తయారీ మొదలయ్యెను. తయారైన విమానములను పరీక్షలలో బయటపడిన తప్పులకు అనుగుణముగా మరల విప్పి దిద్దవలసి వచ్చెను. 2010లో ఖర్చు చట్టము విధించిన హద్దును దాటెను. పూర్తిస్థాయి తయారీకి అనుమతి 2024 మార్చిలోగాని రాలేదు. అప్పటికే వేయికి చేరువగా విమానములు వెలువడినవి. బిడ్డకు బారసాల కాకముందే పెండ్లి చేసినట్లయ్యెను.

ఆ కచ్చేరీ నుండి నేర్వవలసిన పెద్ద పాఠము ముదిమిని గూర్చినది. ఆ విమానములను కొనుటకంటె వాటిని నిలుపుకొనుటకే అధిక వ్యయము. అమెరికా శాసనసభ పక్షమున లెక్కలు చూచు గవర్నమెంటు అకౌంటబిలిటీ ఆఫీసు 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, వాటి జీవితకాల పోషణకు కాగల వ్యయము 2018లో 1.1 లక్షల కోట్ల డాలర్లుగా నున్న అంచనానుండి 2023 నాటికి సుమారు 1.58 లక్షల కోట్లకు పెరిగెను. విమానము పుట్టినప్పుడు ఉత్సవము, ఎదిగినప్పుడు ఉత్సవము. కాని ఖర్చంతయు ఉత్సవములు ముగిసిన పిదపనే కలదు. పుట్టుకకు ఏర్పాటైన కచ్చేరీ పోషణకు సిద్ధపడలేదన్నచో, ఆ తప్పిదమునకు పన్ను కట్టువారు రెండు తరములు శిస్తు చెల్లింతురు.

ఇక మన యింటికి వత్తము. 1983లో భారత ప్రభుత్వము సుమారు 388 కోట్ల రూపాయలతో సమీకృత క్షిపణి అభివృద్ధి కార్యక్రమమును మంజూరు చేసెను. పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని యని అయిదు. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని డి.ఆర్.డి.ఎల్. దానికి పుట్టిల్లు. శాస్త్రజ్ఞులు పనిని దశలవారీగా చేయ దలచియుండగా, నాటి రక్షణమంత్రి ఆర్. వెంకటరామన్ అన్నిటిని ఒక్కమారే చేపట్టుడని చెప్పెనని ఏ.పి.జె. అబ్దుల్ కలాం తన ఆత్మకథలో వ్రాసికొనెను. ఒక్కొక్క క్షిపణికి ఒక్కొక్క డైరక్టరు, అందఱిపై ఒక మండలి, విశ్వవిద్యాలయములును కర్మాగారములును పాలుపంచుకొను నేర్పాటు. పొలారిస్ శైశవమున కానవచ్చిన లక్షణములే యిక్కడను కానవచ్చినవి: పై యధికారి యండ, ఏరుకొన్న మనుష్యులు, స్పష్టమైన సంకల్పము.

ఈ బిడ్డ శూన్యమునుండి పుట్టలేదు. 1970లలో ఆ ప్రయోగశాలయే సోవియట్ క్షిపణి నొకదానిని విప్పి చూచి, అట్టిదానిని స్వయముగా చేయ యత్నించెను. డెవిల్ అను ఆ ప్రయత్నము సేనకు ఆయుధము నీయకయే ముగిసెను. కాని అందు నేర్చిన ద్రవేంధన యంత్రవిద్య పృథ్వికి ఆధారమయ్యెను. చచ్చిన కచ్చేరీ విడిచిపోయిన విద్య బ్రదికిన కచ్చేరీకి పాలయ్యెను. అపజయమును పాతిపెట్టు దేశము తన విత్తనములను తానే పాతర వేసి మఱచిపోయినట్లు.

పృథ్వి 1988 ఫిబ్రవరిలోను, అగ్ని 1989 మేలోను తొలిసారిగా ఎగిరెను. 1987లో కొన్ని దేశములు కూడి క్షిపణి విద్యపై ఆంక్షలు విధించియుండగా ఈ విజయములు లభించినవి. కాని యౌవనము దాటిన పిదప అయిదుగురు తోబుట్టువుల త్రోవలు అయిదయ్యెను. పృథ్వి 1990లలో సైన్యమున చేరెను. అగ్ని మూడు ప్రయోగముల పిదప 1994లో ఆగి, అగ్ని-2 రూపమున 1999 ఏప్రిల్‌లో మరల ఎగిరెను. త్రిశూల్‌ను 2008లో విరమించిరి. ఆకాశ్ సైన్యమునను వైమానిక దళమునను 2015లో లాంఛనముగా ప్రవేశపెట్టబడెను. 2025 మే నెలలో పాకిస్తానుతో జరిగిన సంఘర్షణలో గగనతల రక్షణకు పనికివచ్చెను. నాగ్ తుది పరీక్షలు 2020 అక్టోబరులో ముగిసెను. మొత్తము కార్యక్రమమును ముగించినట్లు 2008 జనవరిలో ప్రకటించిరి.

పాఠకులారా, ఒక్క విషయము గమనింపుడు. ఒకే దినమున పుట్టి, ఒకే యింట పెరిగిన అయిదింటిలో ఒకటి అయిదేండ్లలో ఎగిరి త్వరలోనే సేనను చేరెను, ఒకటి ముప్పదియేడేండ్లకు తుది పరీక్షలు ముగించెను, ఒకటి గిట్టెను. విత్తనము నేల యొక్కటియే యైనను పంట యిట్లేల వేఱాయెను? సాంకేతిక కష్టము వలననా? సేనవారి కోరిక నడుమ మాఱుట వలననా? 1992లో కలాం ఢిల్లీకి తరలిన పిదప ఇంటికి పెద్దదిక్కు తప్పుట వలననా? ప్రయోగశాలనుండి కర్మాగారమునకు చేయి మాఱునప్పుడు జారుట వలననా? ప్రతి ప్రశ్నకును సమాధానము ఆ కచ్చేరీల దస్తరములలోను, అందు పనిచేసినవారి జ్ఞాపకములలోను కలదు. ఈ అయిదింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో లోకమున ఏ పండితునకును లభింపని పరిశోధనా క్షేత్రము మనకు లభించును. కాని మనము చదువుకొనుటకు మిగిలినది ముఖ్యముగా శైశవ గాథయే. పుట్టుకను గూర్చి మన యొద్ద పుస్తకములు గలవు. నడివయస్సును గూర్చి, ముదిమిని గూర్చి కానరావు.

తేజస్ విమానపు కథయు ఇట్టిదే, ఇంకను చిక్కుపడినది. 1983లో 560 కోట్ల రూపాయలతో మంజూరై, 1984లో బెంగుళూరున ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ యేర్పడెను. రూపకల్పన చేయువారు ఆ ఏజెన్సీ వారు. తయారు చేయునది హిందుస్థాన్ ఏరోనాటిక్స్. ఎగురవేయునది వైమానిక దళము. 1989లో ప్రత్యేకముగా మంజూరైన కావేరి ఇంజను ఇంకొక కచ్చేరీ బాధ్యత. దానిని 2008లో ఈ విమానమునుండి విడదీసిరి. నలుగురికిని నాలుగు యిండ్లు, నాలుగు లెక్కలు. విమానము 2001 జనవరి 4న తొలిసారి ఎగిరెను. 2016లో మొదటి స్క్వాడ్రను వెలసెను. 2019లో తుది అనుమతి లభించెను. నడుమ 2015లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తన నివేదికలో, ఆ విమానపు తొలి రూపమున 53 ముఖ్యమైన లోపములను లెక్కించెను.

2021 ఫిబ్రవరిలో మెఱుగుపఱచిన 83 విమానములకు సుమారు 48,000 కోట్ల రూపాయల ఒడంబడిక జరిగెను. 2024 మార్చిలో మొదలు కావలసిన అందజేత ఆ గడువునకు మొదలు కాలేదు. అమెరికానుండి రావలసిన ఇంజనులు ఆలస్యమగుట అందొక కారణము. 2025 సెప్టెంబరులో మఱి 97 విమానములకు 62,370 కోట్లతో ఒడంబడిక కుదిరెను. ఒక్క నమూనా విమానమును ఎగురవేయుట ఒక విద్య. అట్టివి నూటయెనుబది వేళకు కట్టి యిచ్చుట వేఱొక విద్య. వాటిని నలువదేండ్లు ఎగురునట్లు కాపాడుట మూడవ విద్య. మొదటి విద్యలో ఆరితేరినవారికి మిగిలిన రెండును తమంతట తామే అబ్బునని తలంచుట మన దేశమున ప్రబలిన భ్రమ.

ఈ దృష్టాంతములనుండి మేము తెలిసికొన్న సారమిది. కచ్చేరీకి ఒక వయస్సున గుణమైనది మఱియొక వయస్సున దోషమగును. శైశవమున నిబంధనలను త్రోసిపుచ్చు సాహసము కావలెను. అదే సాహసము తయారీకాలమున సాగినచో ఒక విమానమునకును మఱియొక విమానమునకును పోలిక యుండదు. నడివయస్సున మార్పులను అరికట్టు కఠినత్వము కావలెను. అదే కఠినత్వము శైశవమున నున్నచో పొలారిస్ జూపిటర్‌గానే మిగిలియుండును. ముదిమిలో ఓర్పు, విడిభాగముల లెక్క, సిపాయి మొఱ నాలకించు చెవి కావలెను. వీటిపై దండలు వేయువారు లేరు. పసివానికి కుట్టిన చొక్కా పెద్దవానికి తొడిగి, చినిగినదని దర్జీని తిట్టుట వంటిది మన విమర్శ. ఏ వయస్సునకు ఏ కొలత వాడవలెనో తెలియనివాడు పొగడినను తెగడినను ఫలము లేదు.

దీనికి ఆక్షేపణలు రాకపోవు. రక్షణ విషయములు రహస్యములు, వాటిని పండితుల బల్లపై పఱచుట తగునా యందురు. పొలారిస్ ఆ కాలమున అమెరికాకు మిక్కిలి ముఖ్యమైన ఆయుధములలో ఒకటి. ఆ క్షిపణి ఇంకను సముద్రగర్భమున కాపలా కాయుచుండగనే దాని కచ్చేరీ చరిత్ర అచ్చయి అంగడిలో అమ్ముడుపోయెను. దానివలన ఆ దేశపు గుట్టు రట్టు కాలేదు. క్షిపణి యెంత దూరము పోవునో చెప్పనక్కఱలేదు. ఆ నిర్ణయమునకు ఎన్ని సంతకములు, ఎన్ని నెలలు పట్టెనో చెప్పిన చాలును. మొదటిది శత్రువునకు పనికివచ్చును. రెండవది మనకు మాత్రమే పనికివచ్చును.

ఒక కార్యక్రమమును పోలినది మఱియొకటి యుండదు, కనుక సామాన్య సూత్రములు కుదురవని మఱికొందఱందురు. ఒక మనుష్యుని పోలిన మనుష్యుడును లేడు, అయినను వైద్యశాస్త్రమున్నది. కమిటీలు లేవా యని ఇంకొందఱడుగుదురు. ఉన్నవి. 2007లో ఆచార్య పి. రామారావు గారి అధ్యక్షతన రక్షణ పరిశోధన సంస్థను సమీక్షించుటకు కమిటీ నియమించిరి. అట్టివారి కృషి మాన్యమైనదే. కాని కమిటీ వైద్యుని వంటిది. రోగము ముదిరిన పిదప పిలువబడి, చీటి వ్రాసి వెడలిపోవును. ఆడిటరు తప్పులు పట్టును. పుట్టిననాటినుండి ప్రక్కన కూర్చుండి, ఏ యేట ఏ మార్పు ఎందులకు వచ్చెనో వ్రాసికొనువాడు వేఱుగా కావలెను. వాడు తీర్పరి కాడు, విద్యార్థి.

కావున మేము కోరునది స్పష్టముగా చెప్పెదము. మొదటిది, ప్రతి ఆయుధ కార్యక్రమమును మంజూరయిన దినముననే ఒక చరిత్రకారుని పొందవలెను. ఏ నిర్ణయము ఎందులకు జరిగెనో, ఎవరు ఎదిరించిరో, నాడు తెలిసినదేమో అతడు దస్తరమున నిలుపవలెను. రెండవది, అధిపతుల యేలుబడి పంచాంగమును బట్టి గాక కార్యక్రమపు దశను బట్టి యుండవలెను. ఒక దశ ముగియకమునుపే బదిలీ, దశ మాఱినను అదే మనిషి, ఈ రెండును చేటే. మూడవది, మరమ్మతు చేయువాడును, ఎగురవేయువాడును మొదటి గీత గీయు బల్లవద్దనే కూర్చుండవలెను. నాలుగవది, ప్రతి వయస్సునకు తగిన కొలతలను ముందుగనే నిర్ణయించి శాసనసభకు తెలుపవలెను. శైశవమున ఎన్ని ప్రశ్నలు తీరినవి? యౌవనమున ఎన్ని పరీక్షలు జరిగి, ప్రతి విఫలత వలన ఏమి నేర్చితిమి? నడిమిని నెలకు ఎన్ని వెలువడుచున్నవి? ముదిమిలో ఒక ఉదయమున ఎగురుటకు సిద్ధముగా నున్నవి ఎన్ని?

అయిదవ కోరిక తెలుగువారమైన మనకు దగ్గఱిది. క్షిపణులను పుట్టించిన డి.ఆర్.డి.ఎల్., వాటికి బుద్ధి నిచ్చిన రీసెర్చి సెంటర్ ఇమారత్, వాటిని తయారు చేయు భారత్ డైనమిక్స్ మూడును హైదరాబాదుననే యున్నవి. సైనికాధికారులకు నిర్వహణ విద్య నేర్పు కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంటు 1970 నుండి సికిందరాబాదున నున్నది. ప్రక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయము. రోగి, వైద్యశాల, వైద్య విద్యార్థులు ఒకే యూర నుండగా శాస్త్రము మాత్రము పరదేశమునుండి తెచ్చుకొనుచున్నాము! అమెరికావారు తమ ఆయుధ కార్యక్రమముల అధిపతులకు విద్య నేర్పుటకు 1971లోనే ప్రత్యేక కళాశాల స్థాపించిరి. మనము ఆ 1983 నాటి కార్యక్రమమును మొదటి పాఠ్యగ్రంథముగా గైకొని, త్రిశూల్ ఏల గిట్టెను, ఆకాశ్ ఏల నిలిచెను అను రెండు ప్రశ్నలతో ఆరంభించినను చాలును.

దీనికి తొందర యేమని అడుగవచ్చును. కాగితములు నిలిచియుండును, మనుష్యులు నిలువరు. 1983లో ముప్పది యేండ్ల ఇంజనీరుగా ఆ కచ్చేరీలలో అడుగిడినవారు నేడు డెబ్బది దాటినారు. కలాం 2015లో గతించెను. నాడు రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా నుండిన వి.ఎస్. అరుణాచలం 2023లోను, అగ్నికి సారథియైన ఆర్.ఎన్. అగర్వాల్ 2024లోను వెడలిపోయిరి. ఏ కాగితమునను ఎక్కని కారణములు, ఏ సభలోను పలుకని సందేహములు వారి వెంట కొంత పోయినవి. మిగిలినవారి ముంగిటికి పలకయు బలపమును పట్టుకొని మన యువకులు నేడు పోనిచో, పదేండ్లకు పోవుటకు ముంగిళ్లుండవు.

ఆంధ్రులు ఆరంభశూరులను సామెత మనపై చిరకాలముగా నున్నది. అందు నిజమెంతయో గాని, ఆరంభమునకే పూలదండలు వేసి, కడవరకు మోసినవానిని మఱచు అలవాటు దేశమంతటిదిగా కనబడుచున్నది. సంకల్పించిన 1983వ సంవత్సరమునకును, మిగ్-21ను సాగనంపిన 2025వ సంవత్సరమునకును నడుమ నలువదిరెండేండ్లు గడచెను. ఆ నలువదిరెండేండ్లకు మనము వెల చెల్లించియేయున్నాము. ధనముగా చెల్లించితిమి, ప్రాణములుగా చెల్లించితిమి. వెల చెల్లించి కొన్న పాఠమును చదువకయే మూలపడవేయుట దరిద్రులకు తగిన పని కాదు. క్రొత్త విమానములకు, క్రొత్త నౌకలకు, క్రొత్త క్షిపణులకు నేడు తెఱచుచున్న కచ్చేరీల గుమ్మములలో అడుగిడు యువకులు, తమకు ముందు ఆ గుమ్మము దాటినవారు ఎక్కడ తడబడిరో ఎఱిగి అడుగిడుదురు గాక.